ఫ్యాన్ల విమానం కన్నా మా కటింగే క్షేమం

విమానమంత ప్రమాదకరమైన వాహనం భూమ్మీద ఇంకోటి లేదు. ఎందుకో తెలుసా? అది పడితే, ఎందుకు పడిందో కనిపెట్టేస్తారు!

రోడ్డు అలాంటిది కాదు. రోడ్డు మీద పోయినవాడు ఎందుకు పోయాడో ఎవరికీ తెలియదు, తెలుసుకుందామని ఎవరికీ ఉండదు. "పాపం, టైం బాగాలేదు" అంటాం. టెంటు వేయిస్తాం. పెద్ద ఫోటోతో ఫ్లెక్సీ కట్టిస్తాం. పెదకర్మకో, ఆదరణ కూడికకో వెళ్లి, మన వరస దాకా పెరుగు రాలేదని గొణుక్కుంటూ ఇంటికొస్తాం. అక్కడితో సరి. ఎవరి మీదా నింద పడదు, ఎవరి పేరూ బయటికి రాదు. ఇంతటి మర్యాద ఆకాశంలో ఎక్కడుంది చెప్పండి?

కాబట్టి నా మాట వినండి. పదికాలాలు చల్లగా ఉండాలంటే విమానం మానేసి హైవే ఎక్కండి. వీలైతే రాంగ్ రూట్‌లో ఎక్కండి.

ఈ సిద్ధాంతానికి మూలపురుషుడు నేను కాదు, జీవరత్నం మాస్టారు. జగ్గయ్యపేట హైస్కూల్లో ఇరవై రెండేళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పి, రిటైరై, సొంతూరు వచ్చేశారు. ఆ ఊరే మాదీనూ. నందిగామకీ కంచికచర్లకీ మధ్య హైవేని ఆనుకుని ఉంటుంది. పేరు మాత్రం చెప్పను. చెబితే ఎవరో ఒకరు వచ్చి మా కటింగ్ మూసేస్తారు.

కటింగ్ అంటే క్షవరం కాదు. హైవే మధ్యలో డివైడర్ కట్టారు కదా, దానికి మేము పెట్టుకున్న కంత. ఊరు రోడ్డుకి ఒక పక్క. చర్చీ, హైస్కూలూ, మా ఇల్లూ రెండో పక్క. ప్రభుత్వం వారు దయతో ఇచ్చిన యూటర్న్ కిలోమీటరున్నర అవతల ఉంది. ఎదురింటికి వెళ్లడానికి మూడు కిలోమీటర్లు తిరగాలా? మా తాతల కాలంలో ఈ రోడ్డు దాటడానికి పన్నెండు అడుగులు చాలేవి!

అందుకని మా వాళ్లు గడ్డపార తీశారు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు విమానం సంగతి.

మాస్టారికీ, ఆయన భార్య ఆరోగ్యమ్మగారికీ ఒక్కతే కూతురు, జాయిస్. తోటి పిల్లలంతా కంప్యూటర్ల వెంటపడితే ఆ పిల్ల విమానాలు బాగుచేసే చదువు చదివింది. చెన్నైలో ఉద్యోగం. ఈ ఏడాదే లైసెన్స్ చేతికొచ్చింది. లైసెన్స్ అంటే ఏమనుకున్నారు? పొద్దున్నే విమానం చుట్టూ తిరిగి, టార్చిలైటు వేసి, తట్టి, తడిమి, అంతా సవ్యంగా ఉందని పుస్తకంలో ఆ పిల్ల సంతకం పెట్టాలి. పెట్టకపోతే పైలట్ ఎంత మొనగాడైనా ఆ విమానం అక్కడినుంచి కదలదు.

ఆ సంబరంలో జాయిస్ గన్నవరం నుంచి చెన్నైకి రెండు టికెట్లు పంపింది.

"డాడీ, పొద్దున్నే ఇక్కడ నేను సంతకం పెట్టి వదిలిన విమానమే గన్నవరం వచ్చి మిమ్మల్ని ఎక్కించుకుంటది. మీరూ మమ్మీ తప్పకుండా రావాలి" అంది ఫోన్లో.

మాస్టారు ఒకే ప్రశ్న వేశారు. "దానికి బయట ఫ్యాన్లుంటయ్యా?"

"ఉంటాయి డాడీ, రెండు."

"అయితే మేం రాం. మనింట్లో సీలింగ్ ఫ్యానే ఏడాదికోసారి కండెన్సర్ పోయి ఆగుద్ది. దాని కింద పడుకున్నా కాబట్టి బతికా. ఆకాశంలో ఆగితే ఏంటమ్మా నా పరిస్థితి?"

జాయిస్ మెల్లగా అడిగింది. "మీకు నమ్మకం లేంది ఆ ఫ్యాన్ల మీదా డాడీ, నా సంతకం మీదా?"

మాస్టారు సిగ్నల్ సరిగ్గా లేదని ఫోన్ పెట్టేశారు. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. టవర్ మా పొలంలోనే ఉంది, నాకు తెలియదా?

బిడ్డ మనసు చిన్నబోయిందని ఆయనకీ తెలుసు. కానీ మాస్టారు కదా, పొరపాటు తనదంటే ఒప్పుకోరు, రుజువులు వెతుకుతారు. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నారు. అట్ట వేశారు. ఆ ఫ్యాన్ల విమానాల పుట్టుపూర్వోత్తరాలన్నీ ఫోన్లో చూసి ఎక్కించడం మొదలెట్టారు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక కటింగ్ పక్కనున్న రత్తమ్మ టీ కొట్టులో మాకు క్లాసు.

అలా మా ఊరి జనానికి, వద్దన్నా, ఏటీఆర్ అనే విమానాల కుటుంబ చరిత్ర వచ్చేసింది. ఫ్రాన్సూ ఇటలీ కలిసి 1981లో ఆ కంపెనీ పెట్టాయి. మొదటి సంతానం నలభై రెండు సీట్లది, 1984లో ఎగిరింది. దాన్నే సాగదీసి డెబ్బై రెండు చేశారు, అది 1988లో ఎగిరింది. మొదట్లో ఫ్యానుకి నాలుగు రెక్కలు, తర్వాత ఆరు. లోపలుండేది జెట్ ఇంజనేనట, ఫ్యానుని అదే తిప్పుతుందట. తక్కువ తాగుతుంది, చిన్న ఊళ్లలో దిగుతుంది. మాలాంటి వాళ్ల కోసం పుట్టిన విమానమన్నమాట.

"బాగానే ఉంది కదండీ మాస్టారూ?" అంది రత్తమ్మ టీ వడపోస్తూ.

"ముందుంది ముసళ్ల పండగ" అని మాస్టారు పేజీ తిప్పారు.

1994లో అమెరికాలో ఒకటి పడింది. రెక్కల ముందంచుకి రబ్బరు తొడుగులుంటాయి. మంచు పేరుకుంటే అవి ఉబ్బి దాన్ని పగలగొడతాయి. ఆ రోజు తొడుగులు లేనిచోట, వాటి వెనక, మంచు పేరుకుంది. అరవై ఎనిమిది మంది పోయారు. అప్పుడేం చేశారు? మనలాగా ఆ చోట చిన్న గుడి కట్టి ఊరుకున్నారా? లేదు! ముందొక పెద్ద విమానాన్ని పంపి గాల్లో నీళ్లు చల్లించి, వెనకాలే ఈ విమానాన్ని నడిపి, మంచు ఎక్కడెక్కడ పడుతుందో చూశారు. చూసి, ప్రపంచంలో ఉన్నవాటన్నిటికీ తొడుగుల వెడల్పు పెంచారు.

చాదస్తం కాకపోతే ఏమిటి? పోయినవాళ్లు తిరిగొస్తారా?

2005లో ఇటలీ పక్క సముద్రంలో ఇంకోటి దిగింది. ట్యాంకులో ఇంధనం ఎంతుందో చూపే మీటరు పాడైతే కొత్తది వేశారు. వేసింది డెబ్బై రెండుది కాదు, నలభై రెండుది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అన్న మీటరు తమ్ముడికి పెట్టేసరికి, లేని ఇంధనం ఉన్నట్టు చూపించింది. దారిలో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పదహారు మంది పోయారు. సముద్రం అడుగునుంచి ముక్కలు ఏరుకొచ్చి మరీ ఈ సంగతి కనిపెట్టారు. ఒకదాని మీటరు ఇంకోదానికి అసలు పట్టకుండానే చేయండని సిఫార్సు కూడా రాశారు.

ఇక్కడ మా వాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. నందిగామలో మా బళ్లకి వేసే మీటర్లు ఏ కంపెనీవో ఎవరైనా అడిగారా? అసలు మీటరు పనిచేసే బండి మా ఊళ్లో ఎన్ని?

ఇక 2023లో నేపాల్‌లో జరిగింది చెప్పేటప్పుడు మాస్టారి గొంతు కూడా తగ్గింది. దిగబోతూ ఒక లివర్ లాగాల్సింది, పక్కనున్నవి లాగారట. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి కానీ తోసే బలం పోయింది. డెబ్బై రెండు మంది. ఏ సెకనులో ఏ లివర్ లాగారో కూడా రాశారు.

"చూశారా? ఫ్యాన్ల విమానం అంటే ఇదీ సంగతి" అని మాస్టారు నోట్‌బుక్ మూశారు. తర్వాత స్కూటర్ స్టార్ట్ చేసి, ఆరోగ్యమ్మగారిని వెనక కూర్చోబెట్టుకుని, కుడికీ ఎడమకీ చూడకుండా కటింగ్‌లోంచి దూరి ఇంటికి వెళ్లిపోయారు.

ఇక మా కటింగ్ చరిత్ర. ఆ విమానాల చరిత్రకేమీ తీసిపోదు. వాళ్లు నలభై రెండుని డెబ్బై రెండు చేస్తే, మేము అంతకన్నా సాగదీశాం. మొదటి మోడల్‌లో మనిషి పక్కకి తిరిగి ఊపిరి బిగబడితే పట్టేవాడు. రెండో మోడల్‌లో బైక్ పట్టింది. పాలక్యాన్లు తగులుతున్నాయంటే రెండు వైపులా ఇంకాస్త చెక్కి ఆటో మోడల్ తెచ్చారు. ఇప్పుడు నడుస్తున్నది ట్రాక్టర్ మోడల్, ట్రక్కుతో సహా. ఆ విమానానికి రెండు దేశాలు కావాల్సి వచ్చాయి. మాకు రెండు గడ్డపారలు సరిపోయాయి. ఈ మధ్యలో మా జిల్లా పేరు కూడా మారింది గానీ కటింగ్ మాత్రం చెక్కుచెదరలేదు.

ఐదేళ్ల కిందట దానికి గండం వచ్చింది. హైవే వాళ్లు కాంక్రీటు దిమ్మెలు లారీలో వేసుకొచ్చారు, మూసేస్తామని. ఊరు ఊరంతా రోడ్డు మీద కూర్చుంది. మాస్టారు అప్పటికప్పుడు రత్తమ్మ కొట్టు బల్ల మీద అర్జీ రాశారు. ఎంత చక్కటి భాష! "ఈ కటింగ్ వలన నేటివరకు ఏ ఒక్క ప్రమాదమూ జరగలేదనియు, ఇకమీదట జరగబోదనియు, గ్రామస్తులమైన మేము హామీ ఇచ్చుచున్నాము." మొదటి సంతకం ఆయనది. తర్వాత ఊరి పెద్దలది. ఆ తర్వాత నలుగురితో పాటు నారాయణా అని అందరిదీ, మొత్తం రెండొందల పదమూడు. దిమ్మెలు వచ్చిన లారీలోనే వెనక్కి వెళ్లిపోయాయి.

ఆ రోజు నుంచి దానికి పేరు స్థిరపడింది. 'మాస్టారి కటింగ్'. బస్సు కండక్టర్లు కూడా అదే పేరు చెప్పి ఆపుతారు.

ఆ హామీ తర్వాత ప్రమాదాలు జరగలేదా అంటారా? జరిగాయి, జరగకేం. ఇద్దరు పోయారు. మా ఊరి రూబెన్‌కి కాలు పోయింది. ఒక గేదె పోయింది. అన్నిట్లోకీ గేదె విషయంలోనే గట్టిగా విచారణ జరిగింది. దానికి బీమా ఉంది. బీమా వాళ్లొచ్చి, గేదె ఎటునుంచి ఎటు పోతోంది, ఎంత దూరాన పడింది, అప్పుడు ఎవరు కాస్తున్నారు అని టేపు పెట్టి కొలిచి రాసుకుని వెళ్లారు. మనుషుల దగ్గరికి మాత్రం ఎవరూ టేపు తేలేదు. హైవే పక్కన పరిటాల ఆంజనేయస్వామి విగ్రహమై అంతెత్తున నిలబడి అంతా చూస్తూనే ఉంటాడు గానీ, ఆయన్ని సాక్ష్యానికి పిలిచేదెవరు?

టికెట్ల తారీఖు పది రోజులుందనగా జాయిస్ సెలవు పెట్టి ఊరొచ్చింది. నాన్నతో వాదన పెట్టుకుంటుందని మేమంతా ఎదురుచూశాం. ఆ పిల్ల వాదించలేదు. నోట్‌బుక్ మొత్తం చదివింది. చదివి, "చాలా బాగా రాశారు డాడీ. ప్రతిదానికీ కారణం అనే గడి కూడా పెట్టారు" అంది.

మాస్టారు పొంగిపోయారు. "కారణం రాయకపోతే అది సైన్స్ అవ్వదమ్మా. ఎందుకు అని మూడుసార్లు అడగాలి. పిల్లలకి ఇరవై రెండేళ్లు ఇదే చెప్పా."

"మరి మన కటింగ్‌కి కూడా ఒక పేజీ పెడదామా?"

మాస్టారికి కాదనడానికి కారణం దొరకలేదు. మర్నాడు పొద్దున పది గంటలకి తండ్రీ కూతుళ్లు టేపు పట్టుకుని కటింగ్ దగ్గరికొచ్చారు. చూడ్డానికి మేమంతా వెళ్లాం. టీ కొట్టులో జనం పెరిగారని రత్తమ్మ ఇంకో లీటరు పాలు తెప్పించింది.

డివైడర్ నిండా గన్నేరు మొక్కలు మనిషెత్తు ఉన్నాయి. జాయిస్ వాళ్ల నాన్నని స్కూటర్‌తో కటింగ్‌లో నిలబెట్టింది. తను రోడ్డు వారగా జగ్గయ్యపేట వైపు నడిచి, ఆయన కనపడకుండా పోయేదాకా వెళ్లి, అక్కడ సున్నంతో గీత గీసింది. టేపు పెట్టి కొలిస్తే ముప్పై మీటర్లు తేలింది.

"డాడీ, సిమెంటు లారీ గంటకి ఎనభై మీద వస్తందనుకో. మీరు కనపడ్డాక దానికి ఎంత టైం ఉంటది?"

లెక్క అడిగితే మాస్టారు ఆగగలరా? "సెకనుకి ఇరవై రెండు మీటర్లు. ముప్పైని ఇరవై రెండుతో భాగిస్తే, సెకనున్నర కూడా లేదమ్మా!" అన్నారు హుషారుగా.

"లోడు లారీ ఆగడానికి ఎంత దూరం కావాలి?"

"డెబ్బై ఎనభై మీటర్లన్నా…" అని మాస్టారు ఆగిపోయారు. స్కూటర్ దిగి, దాన్ని తోసుకుంటూ పక్కకి తెచ్చారు. ఐదేళ్లుగా అందులోంచి దూరుతున్న మనిషి తోసుకుంటూ రావడం మేం చూడ్డం అదే మొదటిసారి.

అప్పుడు రూబెన్ దగ్గరికి వెళ్లారు. రూబెన్ ప్లంబర్, ఆదివారం చర్చిలో డ్రమ్స్ కొడతాడు. రెండేళ్ల కిందట బైక్ మీద పైపులేసుకుని ఈ కటింగ్ దాటుతుంటే సిమెంటు లారీ గుద్దింది. ఎడమ కాలు మోకాలి కిందనుంచి తీసేశారు.

"ఎలా జరిగింది అన్నా?" అంది జాయిస్.

"ఏముందమ్మా, నా టైం బాలేదు."

"అది కాదన్నా. లారీ నీకు కనపడిందా?"

రూబెన్ ఆలోచించాడు. రెండేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ వాణ్ణి అడగలేదు. "లేదమ్మా. గన్నేరు పూలు కనపడ్డయ్. ఆ తర్వాత ఆస్పత్రిలో ఫ్యాను కనపడింది" అన్నాడు.

చూశారా పాఠకులారా, ఎంత అన్యాయమో! వాడు హాయిగా టైం మీదకి నెట్టేసి, డ్రమ్స్ కొట్టుకుంటూ బతుకుతున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? చదువుకున్న ఆడపిల్ల వచ్చి వాడి ప్రశాంతతని పాడుచేయడం ఏం ధర్మం?

జాయిస్ నోట్‌బుక్ తెరిచింది. వాళ్ల నాన్న నేర్పినట్టే మూడుసార్లు అడిగింది.

"లారీ ఎందుకు ఆగలేదు? మనిషి ముందే కనపడలేదు కాబట్టి. మనిషి అక్కడ ఎందుకున్నాడు? కటింగ్ ఉంది కాబట్టి. కటింగ్ ఎందుకుంది?"

"మూయలేదు కాబట్టి" అన్నారు మాస్టారు.

"ఎందుకు మూయలేదు?"

"మూడు అయిపోయినయ్!" అని అరిచారు మాస్టారు. మొహం ఎర్రబడింది. "నేను ఊరి మంచి కోసం రాశానమ్మా ఆ కాగితం. నా సొంతానికి రాశానా? ఎవర్నడిగినా చెప్తారు!"

అందరూ టీ గ్లాసుల్లోకి చూశారు. నేనూ నా గ్లాసులోకే చూశాను. జాయిస్ నోట్‌బుక్ ఆయన చేతిలో పెట్టింది. "నేను రాయనులే డాడీ. కారణం గడి ఖాళీగా ఉంచా. మీరే రాసుకోండి" అని సాయంత్రం బస్సుకి చెన్నై వెళ్లిపోయింది. మళ్లీ టికెట్ల మాట ఎత్తలేదు.

ఎత్తింది ఆరోగ్యమ్మగారు. ప్రయాణం రోజు పొద్దున్నే ముతక చీర తీసేసి పట్టుచీర కట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"నేను వెళ్తన్నానండి. మీరొస్తే రండి, లేకపోతే అన్నం వండి ఉంచా. మీరు సంతకం పెట్టిన కంతలోంచి ఐదేళ్లుగా ప్రతి ఆదివారం దాటుతున్నా. బిడ్డ సంతకం పెట్టిన దాంట్లో ఒక్కసారి కూర్చోలేనా?"

మాస్టారు చొక్కా వేసుకున్నారు. ఊళ్లో బాడుగ కారు నడిపే సతీష్‌బాబు బండి తెచ్చాడు. ఎప్పట్లాగే కటింగ్ వైపు తిప్పబోతే, మాస్టారు భుజం మీద చెయ్యేశారు. "ఇటొద్దు. యూటర్న్ దాకా పోయి తిరుగు."

"మాస్టారూ! ఇది మీ కటింగే కదండీ!"

"అందుకే చెప్తన్నా. చుట్టూ తిప్పు" అన్నారు. ఆయనకి ఒంట్లో బాగాలేదని సతీష్‌బాబు సాయంత్రానికి ఊరంతా చెప్పాడు.

గన్నవరంలో ఆయనకి సరిగ్గా ఫ్యాను పక్కన కిటికీ సీటొచ్చింది. రెక్కలు లెక్కపెట్టారు. ఆరు. ఆరోగ్యమ్మగారు కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. ఎయిర్ హోస్టెస్ బెల్టు చూడ్డానికి వస్తే మాస్టారు అడిగారట, "ఇవాళ దీనికి సంతకం పెట్టిందెవరమ్మా?" అని. ఆ పిల్లకి ప్రశ్న అర్థం కాలేదు, మంచినీళ్లు తెచ్చిచ్చింది. "మా అమ్మాయి" అని మాస్టారే జవాబు చెప్పి నీళ్లు తాగారు.

గంటా పావులో చెన్నై. బయట జాయిస్ యూనిఫాంలో నిలబడి ఉంది. నాన్నని చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. "పొద్దున్నుంచి ఏం తినలేదు డాడీ. సంతకం పెట్టాక అది మళ్లీ వచ్చి దిగేదాకా రోజూ ముద్ద దిగదు. ఇవాళ మీరు కూడా ఉన్నారు అందులో" అంది.

మాస్టారు చాలాసేపు ఆ పిల్ల చెయ్యి వదల్లేదట. తర్వాత అన్నారట. "నేను ఆ అర్జీ మీద సంతకం పెట్టిన రోజు మీ అమ్మ చేపల పులుసు వండింది. రెండుసార్లు వడ్డించుకు తిన్నానమ్మా."

ఇది మాస్టారే నాకు చెప్పారు. చెబుతూ ఏడ్చారు. విమాన ప్రయాణం ఎంత ప్రమాదకరమో ఇంతకన్నా రుజువేం కావాలి? శుభ్రంగా, గుండ్రాయిలా వెళ్లిన మనిషి అలా అయి తిరిగొచ్చాడు!

వచ్చీ రాగానే నోట్‌బుక్ తీసి ఖాళీ గడి నింపారు. "కారణం: ప్రమాదం జరగదని, ఏమీ చూడకుండా, కొలవకుండా హామీ ఇచ్చిన అర్జీ. మొదటి సంతకం జీవరత్నం." అంతటితో ఊరుకోలేదు. కొత్త అర్జీ రాశారు. కటింగ్ మూసేయండి, కాలినడక వాళ్ల కోసం ఊరి దగ్గర దారివ్వండి, యూటర్న్ దగ్గరికి తెండి, అప్పటిదాకా ముందు ఆ గన్నేరు కొట్టించండి అని.

దాన్ని పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. "కటింగ్ మూస్తే నా కొట్టు దగ్గర ఎవరాగుతారు మాస్టారూ?" అంది రత్తమ్మ. "మీకు పెన్షన్ వస్తది, ఎంతసేపైనా తిరుగుతారు, మాకు పనులుంటయ్" అన్నారు కొందరు. "విమానం ఎక్కొచ్చారుగా, పైనుంచి చూసినాక మనం చీమల్లా కనపడుతున్నాం" అన్నారు ఇంకొందరు. హైవే ఆఫీసులో అయితే పాత ఫైలు తీసి చూపించారట. "ప్రమాదాలు జరగవని హామీ ఇచ్చింది మీరే కదండీ? రెండొందల పదమూడు మంది వద్దన్నారు, మీరొక్కరు కావాలంటున్నారు. కనీసం ఓ పదిమందిని తీసుకురండి" అని.

ఈ ఉదయం రూబెన్ మా ఇంటికొచ్చాడు. మూడు చక్రాల స్కూటర్ మీద, చెమటలు కక్కుతూ.

"కటింగ్‌లోంచి రాకుండా ఈ ఎండలో చుట్టూ తిరిగొచ్చావేంట్రా?" అన్నాను.

"మాస్టారు చుట్టూ తిరిగి రమ్మన్నారండి" అని కొత్త అర్జీ కాగితం తీసిచ్చాడు. ఒకటో నంబరు మాస్టారు. మూడు ఆరోగ్యమ్మగారు. నాలుగు రూబెన్. రెండో నంబరు దగ్గర ఖాళీ.

"ఇది ఖాళీగా వదిలారేంటి?"

"అది మీ కోసం ఉంచారండి, బుల్లిబాబుగారూ. పాత దాంట్లో రెండోది మీదే కదండీ" అన్నాడు రూబెన్, ఏ కోపమూ లేకుండా.

నాదే. కటింగ్ కొట్టిన రోజు గడ్డపారలు వెళ్లింది కూడా మా కొట్టాంలోంచే. తిలా పాపం తలా పిడికెడు అన్నారు, నాకు రెండు పిడికిళ్లు వచ్చాయి. కారణాలు వెతికే వాళ్లంటే నాకెందుకు ఒళ్లు మంటో, గుమ్మడికాయల దొంగ అనకముందే ఇంతసేపూ భుజాలు ఎందుకు తడుముకున్నానో ఇప్పటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. గేదెకి పట్టిన టేపు రూబెన్‌కి కూడా పట్టి ఉంటే, ఆ కొలత వచ్చి ఆగేది మా గుమ్మంలోనే.

రూబెన్ వరండాలో కూర్చున్నాడు. పెట్టుడు కాలు వేడెక్కిందని విప్పి పక్కన పెట్టుకున్నాడు. మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది. "తొందరేం లేదండి, నిదానంగా పెట్టండి" అంటున్నాడు.

నేను లోపలికొచ్చి ఉదయం నుంచీ పెన్ను వెతుకుతూనే ఉన్నాను. మరి ఇదంతా దేనితో రాశావని మాత్రం అడక్కండి.